బ్యారేజీకి ఎగువన ఒక పూట: ఇంటిల్లిపాదీ కయాక్ ప్రయాణానికి మార్గదర్శి

విజయవాడ, గుంటూరు వాళ్లకు కృష్ణ కొత్త కాదు. పుష్కరాలకు మునుగుతాం, కార్తికంలో దీపాలు వదులుతాం, రైలు వంతెన ఎక్కగానే నాణెం విసిరి దండం పెట్టుకుంటాం. అయినా ఆ నీటి మీద సొంత చేతులతో తెడ్డు వేసుకుంటూ సాగినవాళ్లు మనలో చాలా తక్కువ. కయాక్ అనే సన్నని చిన్న తెడ్డు పడవలో కూర్చుంటే నీరు చేతికి అందేంత దగ్గరగా ఉంటుంది. ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఎదుటి ఒడ్డున సీతానగరం, ఉండవల్లి కొండలు, మధ్యలో విశాలమైన నీరు. ఊళ్లో ఉంటూనే ఇంత ప్రశాంతత దొరుకుతుందని ఒడ్డు మీద నిలబడి చూస్తే తెలియదు.

ఈ ఆనందం పిల్లలకూ పెద్దలకూ దక్కాలని కోరుకుంటూ రాస్తున్నాను. మొదటే ఒక మాట. స్నేహితులంతా గజ ఈతగాళ్లయితే లెక్క వేరు. కుటుంబంతో వెళ్లేటప్పుడు బృందంలో అందరికన్నా త్వరగా అలసిపోయేది ఎవరో చూసి, వాళ్లను బట్టే దూరం, సమయం, తిరుగుదారి నిర్ణయించాలి. దిగువన చెప్పే ప్రతి అడుగూ ఈ లెక్క మీదే నడుస్తుంది.

మొదటి అడుగు: చెరువులా కనిపించే నదిని అర్థం చేసుకోవడం

కృష్ణా డెల్టాకు నీరిచ్చేందుకు 1852-1855 మధ్య ఇక్కడ ఆనకట్ట కట్టారు. అది 1952లో తెగింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. గేట్లు మూసి ఉన్నప్పుడు ఎగువన నీరు ఎంత నిశ్చలంగా ఉంటుందంటే ప్రవాహం ఉందన్న సంగతే మరిచిపోతాం. కానీ బ్యారేజీకి రెండు కొసల్లోనూ కాలువలకు నీరు వదిలే హెడ్ రెగ్యులేటర్లు ఉన్నాయి. విజయవాడ వైపు ఏలూరు, బందరు, రైవస్ కాలువలు. సీతానగరం వైపు పశ్చిమ ప్రధాన కాలువ. పైకి ఏమీ కనిపించకపోయినా నీరు అటే లాగుతూ ఉంటుంది. అలసిన చేతులతో ఆ లాగుడులో పడ్డ పడవను వెనక్కి తిప్పడం చాలా కష్టం.

అందువల్ల బ్యారేజీకి ఎగువన కనీసం కిలోమీటరు మేర మీకు నిషిద్ధమని గీత గీసుకోండి. ఒడ్డున స్పష్టంగా కనిపించే ఒక గుర్తును ముందే ఎంచుకుని, దాన్ని దాటి దిగువకు వెళ్లకూడదని పిల్లలకు కూడా చూపించండి. బ్యారేజీ దిగువన అసలు పడవ దించవద్దు. వేసవిలో అక్కడ ఇసుక మేటలూ మడుగులూ ఉంటాయి. గేటు ఎత్తితే మాత్రం, దూకిన నీరు గేటు కింద సుడి తిరిగి, పడ్డ మనిషిని మళ్లీ మళ్లీ లోపలికే లాగుతుంది. లైఫ్ జాకెట్ ఉన్నా అక్కడ ప్రాణం దక్కుతుందన్న భరోసా లేదు.

నగరం మధ్య నుంచి పారే కాలువలను చూసి ఆశపడేవాళ్లున్నారు. ఒకప్పుడు ఈ కాలువల్లో సరుకు పడవలు తిరిగిన మాట నిజం. కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువలోకి చేరి మద్రాసు దాకా వెళ్లేవి. ఆ జలమార్గం మళ్లీ బతికితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ఇప్పుడు మాత్రం అవి కయాక్‌కు తగవు. నిటారు గట్లు, లాకులు, తక్కువ ఎత్తు వంతెనలు, సాగునీరు వదిలినప్పుడు వడి. పడితే ఎక్కి బయటపడేందుకు పట్టు దొరకదు.

రెండో అడుగు: నెల, రోజు, గాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వరదలు తగ్గి ఉంటాయి, ఎండ ఓర్చుకోవచ్చు, ఉదయం గాలి నెమ్మదిగా ఉంటుంది. కార్తికంలో వనభోజనాలకు ఎలాగూ బయలుదేరతారు కనుక చాలామందికి అప్పుడే ఈ ఆలోచన వస్తుంది. అయితే కార్తిక ఆదివారాల్లో, సోమవారాల్లో, పౌర్ణమి నాడు ఘాట్లు కిటకిటలాడతాయి, మర పడవలు తీరిక లేకుండా తిరుగుతాయి. మామూలు శనివారం ఎంచుకోండి. విజయదశమి నాడు దుర్గమ్మ తెప్పోత్సవం కనుక నదిని వదిలేయండి.

జులై చివరి నుంచి అక్టోబరు దాకా ఎగువ రాష్ట్రాల వాన ఇక్కడికి వరదగా వస్తుంది. మన ఊళ్లో ఎండ కాస్తుండగానే నది పొంగవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. ఆ వరదలో కొట్టుకొచ్చిన పెద్ద ఇనుప పడవలు గేట్లను ఢీకొట్టి, వాటి కౌంటర్ వెయిట్లను (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను) దెబ్బతీశాయి. ఇక మన ప్లాస్టిక్ పడవ ఎంత? మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కుల వద్ద జారీ చేస్తారు. కానీ అది ఒడ్డున నివసించేవారి కోసం పెట్టిన కొలత. కయాక్ వాళ్లు అంతదాకా ఆగకూడదు. ఒక్క గేటు ఎత్తినా ఆ రోజు పడవ దించకండి. బయలుదేరే ముందు రోజు రాత్రి ఎగువనున్న పులిచింతల ప్రాజెక్టు నుంచి ఎంత నీరు వదులుతున్నారో వార్తల్లో చూడండి. అక్కడ వదిలిన నీరు నేరుగా వచ్చి చేరేది ఇక్కడికే.

గాలి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కదలని నీటిలో కయాక్‌ను నడిపించేది ప్రవాహం కన్నా గాలే. విజయవాడ దగ్గర నది పడమర నుంచి తూర్పుకు పారుతుంది. మే, జూన్, జులై నెలల్లో పడమటి గాలి వీస్తుంది. అంటే గాలి, నీరు రెండూ కలిసి పడవను బ్యారేజీ వైపే నెడతాయి. వడగాడ్పు సంగతి సరేసరి. ఆ నెలల్లో కుటుంబంతో వెళ్లవద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు. చలికాలంలో పొద్దున ప్రశాంతంగా ఉన్నా, మధ్యాహ్నానికి తూర్పు దిక్కు నుంచి గాలి లేవవచ్చు. అప్పుడు దిగువన ఉన్న రేవుకు తిరిగి రావడం ఎదురుగాలిలో అవుతుంది. కాబట్టి పదిన్నరకల్లా ఒడ్డెక్కేలా చూసుకోండి. వాతావరణ సూచనలో గాలి గంటకు 15 కిలోమీటర్లు మించితే వాయిదా వేయండి. ఒడ్డున నిలబడి చూసినప్పుడు అలల తలలు తెల్లగా విరుగుతుంటే సూచన ఏం చెప్పినా ఇంటికి వెళ్లండి.

డిసెంబరు, జనవరిలో మంచు పట్టిన రోజు ఎదుటి ఒడ్డు కనిపించేదాకా ఆగాలి. మర పడవ నడిపేవారికి పొగమంచులో కయాక్ కనపడదు.

మూడో అడుగు: ఎవరితో ఎవరు, ఎవరి అనుమతితో

సొంత పడవతో ఏ ఘాట్ నుంచి పడితే ఆ ఘాట్ నుంచి దిగవచ్చని అనుకోకండి. పర్యాటక శాఖ బోటింగ్ కేంద్రంలోనూ జలవనరుల శాఖ స్థానిక కార్యాలయంలోనూ ముందే అడిగి, ఎక్కడ దించవచ్చో, ఎక్కడ కూడదో తెలుసుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లయితే శిక్షకుడు, కాపలా పడవ ఉన్న చోటే అద్దెకు తీసుకోవడం మేలు. అద్దె మాట్లాడే ముందు మూడు సంగతులు అడగాలి: పిల్లల కొలతలో లైఫ్ జాకెట్లు ఉన్నాయా, పడవ బోల్తా పడితే ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు. జవాబు తడబడితే ఆ చోటు వదిలేయండి.

ఇద్దరు పట్టే కయాక్‌లో బరువైన వ్యక్తి, అనుభవజ్ఞుడు వెనక కూర్చోవాలి. దిశ వెనకవాళ్ల చేతిలో ఉంటుంది; తెడ్డు వేసే లయ ముందువాళ్లది. ప్రతి పిల్లవాడికీ ఈత బాగా వచ్చిన పెద్దవారు ఒకరు ఉండాలి, అదే పడవలో. తల్లీతండ్రీ ఒక కయాక్‌లో, పిల్లలిద్దరూ మరో కయాక్‌లో అన్న ఏర్పాటు ఎంత ముచ్చటగా అనిపించినా వద్దు. ఆరేళ్ల లోపు పసివాళ్లను ఒడ్డునే తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉంచడం నా సలహా. వాళ్లకూ ఇసుకలో ఆట దొరుకుతుంది, ఒడ్డున మనిషి కాపలా ఉన్నట్టూ అవుతుంది. మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వైద్యుడిని అడిగే రావాలి. మధుమేహం ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కకూడదు.

ఒడ్డున ఉండే ఆ మనిషికి మీ పేర్లు, పడవల రంగులు, వెళ్లే దారి, తిరిగొచ్చే సమయం కాగితం మీద రాసి ఇవ్వండి. చెప్పిన సమయానికి అరగంట దాటినా ఫోను ఎత్తకపోతే అత్యవసర నంబరు 112కు ఫోను చేయాలని గట్టిగా చెప్పండి. మొహమాటపడి ఆగవద్దని కూడా చెప్పండి.

నాలుగో అడుగు: పడవ, తెడ్డు, జాకెట్

పైన కూర్చునే కయాక్ కుటుంబాలకు సరైనది. బోల్తా పడినా లోపల ఇరుక్కునే ప్రమాదం లేదు, పైకి చేరిన నీరు రంధ్రాల్లోంచి దానంతట అదే కారిపోతుంది. కాళ్లు లోపలికి దూర్చి కూర్చునే రకం వేగంగా వెళ్తుంది కానీ, దాన్నుంచి బయటపడడం ముందే సాధన చేయాలి. కెనూ పైన తెరిచి ఉండే వెడల్పు పడవ. ఒంటి రెక్క తెడ్డుతో నడుపుతారు. ముగ్గురు మనుషులు, భోజనాల సంచి హాయిగా పడతాయి. కానీ దాని ఎత్తు అంచులకు గాలి బాగా తగులుతుంది కనుక కృష్ణ లాంటి వెడల్పు నదిలో కొత్తవాళ్లకు కష్టం. గాలి నింపే పడవ కొంటే వేరువేరు గదులున్నదే కొనండి, ఒకటి చిరిగినా మరొకటి తేలుస్తుంది. మన ఒడ్లలో తుమ్మ ముళ్లకు కొదవ లేదు.

రెండు రెక్కల తెడ్డు పెద్దలకు 220 నుంచి 240 సెంటీమీటర్ల పొడవు ఉంటే సరిపోతుంది. పిల్లలకు పొట్టిదీ తేలికైనదీ కావాలి.

లైఫ్ జాకెట్ విషయంలో బతిమాలడాలూ మినహాయింపులూ ఉండకూడదు. 2017 నవంబరు 12, కార్తిక ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం వద్ద గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర యాత్రికుల పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. పడవలో పట్టే మనుషుల కన్నా ఎక్కువమంది ఎక్కారు, లైఫ్ జాకెట్లు వేసుకోలేదు. అది తుఫాను రోజు కాదు, వరద రోజూ కాదు. ఒడ్డు కనుచూపు మేరలోనే ఉంది. ఆ కుటుంబాలు నది మీదికి వెళ్లింది హారతి చూద్దామన్న సంతోషంతోనే. ఈ సంగతి పిల్లలకు భయం కలిగేలా కాకుండా, అర్థమయ్యేలా చెప్పండి.

జాకెట్ సరిపోయిందో లేదో చూడడం తేలిక. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది పెద్దది, మార్చాలి. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. లేకపోతే నీటిలో పడగానే జాకెట్ పైకి జారి బిడ్డ కిందికి పోతుంది. గాలి ఊదే చేతి తొడుగులు, ట్యూబులు ఆటవస్తువులే. ప్రతి జాకెట్‌కూ ఒక విజిల్ కట్టండి.

బట్టలు త్వరగా ఆరేవి, పొడవు చేతులవి మంచివి. చీర, వేలాడే చున్నీ, జీన్స్ ప్యాంటు వద్దు. తడిస్తే కాళ్లకు చుట్టుకుని ఈత ఆపేస్తాయి. నగలు ఇంట్లో పెట్టండి. కళ్లజోడుకు తాడు, చెప్పులకు వెనక పట్టీ ఉండాలి. ఫోను నీరు చొరని సంచిలో పెట్టి, పడవకు కాక మీ ఒంటికే తగిలించుకోండి.

ఐదో అడుగు: ఒడ్డున అరగంట

అందరూ నీటిలోకి దిగే తొందరలో ఉంటారు. ఆ అరగంటను మాత్రం వదులుకోకండి.

తెడ్డును తల మీద అడ్డంగా పెట్టి పట్టుకోండి. మోచేతులు లంబకోణంలో వంగితే ఆ దూరమే సరైన పట్టు. రెక్కను పాదాల దగ్గర నీటిలో ముంచి, పడవ పక్కనే లాగి, తుంటి దగ్గర పైకి తీయాలి. బలమంతా చేతుల నుంచి వస్తే పావుగంటలో భుజాలు పడిపోతాయి. నడుము పైభాగం తిరగాలి, కాళ్లు పడవకు తన్ని ఉండాలి. కుడివైపు తిరగాలంటే ఎడమ పక్క తెడ్డును ముందు నుంచి వెనక దాకా అర్ధచంద్రాకారంలో వెడల్పుగా లాగాలి. ఆగాలంటే రెండు పక్కలా మార్చి మార్చి తెడ్డుతో నీటిని ముందుకు నెట్టాలి. మొదటి రోజుకు ఈ మూడూ చాలు.

సంకేతాలు ఖాయం చేసుకోండి. తెడ్డు నిలువుగా ఎత్తితే రావచ్చు. తల మీద అడ్డంగా పడితే ఆగండి. విజిల్ మూడుసార్లు ఊదితే ప్రమాదం, అందరూ అటే వెళ్లాలి.

బోల్తా పడితే ఏం చేయాలో కూడా ముందే సాధన చేయాలి. ముందు ఊళ్లోని ఏదైనా ఈత కొలనులో నిర్వాహకులను అడిగి చేస్తే ఇంకా మంచిది. నదిలో ఇసుక తవ్విన చోట్ల మోకాలి లోతు నీటి పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది కనుక తెలియని చోట సాధన ప్రమాదం. పడగానే ఒక చేత్తో పడవ, రెండో చేత్తో తెడ్డు పట్టుకోవాలి. తలకిందులైన పడవ మీదుగా చేయి చాపి, అవతలి అంచును మీ వైపు లాగి నిలబెట్టాలి. పడవ నడుమకు వచ్చి, కాళ్లను నీటి పైకి తేల్చి గట్టిగా తన్నుతూ, పొట్ట మీద పడవపైకి జారాలి. తర్వాత వెల్లకిలా తిరిగి కూర్చుని, చివర్లో కాళ్లు లోపలికి తీసుకోవాలి. తోటివాళ్లు అవతలి పక్క నుంచి పడవను కదలకుండా పట్టుకుంటే పని సగం తేలికవుతుంది. ఎక్కలేనివాళ్లు పడవ కొసను పట్టుకుని ఉంటే చాలు, ఇతరులు ఒడ్డుకు లాగుతారు. ఈత వచ్చినవాళ్లు సైతం పడవను వదిలి ఒడ్డుకు ఈదాలని చూడకూడదు. తేలే పడవ దూరం నుంచి కనిపిస్తుంది, తల ఒక్కటే కనిపించదు.

ఆరో అడుగు: దారి

ముందు ఎగువకు, తర్వాత దిగువకు. నదిలో కుటుంబ ప్రయాణానికి నేను ఇంకే క్రమాన్నీ ఒప్పుకోను. చేతుల్లో సత్తువ ఉన్నప్పుడు ఎదురు వెళ్తే, అలసినప్పుడు నీటివాలు సాయపడుతుంది. ఇక్కడ మరో మెలిక ఉంది. అదే వాలు రేవు దాటితే బ్యారేజీకి తీసుకుపోతుంది. అందువల్ల ఎక్కే రేవు బ్యారేజీకి బాగా ఎగువన, భవానీపురం వైపు ఉండాలి. తిరుగు దారిలో ఒడ్డుకు దగ్గరగానే రావాలి, రేవు ఇంకా దూరంగా ఉండగానే దాని వైపు తిరగాలి.

గుంటూరు నుంచి వచ్చేవాళ్లు అయిదు గంటల లోపే కదలాలి. ఆరు, ఆరుంబావుకు ఘాట్ చేరి, సాధన ముగించి, ఏడు గంటలకు నీటిలో ఉంటే అన్నీ సవ్యంగా సాగుతాయి. మెట్ల మీద పాచి ఉంటుంది. పడవను మోసుకుంటూ దిగేటప్పుడు జారిపడే అవకాశం, నీటిలో పడే అవకాశం కన్నా ఎక్కువ.

పిల్లలతో కూడిన బృందం ఎదురు దిశలో గంటకు రెండు కిలోమీటర్లు వెళ్తే బాగా వెళ్లినట్టే. ఒడ్డు పక్కగా నలభై అయిదు నిమిషాలు ఎగువకు వెళ్లండి. 133 ఎకరాల భవానీ ద్వీపం కళ్ల ముందు ఉంటుంది, చుట్టి రావాలనిపిస్తుంది. మొదటి రోజు వద్దు. అవతలి పక్కకు పోతే ఒడ్డున ఉన్న మీ మనిషికి మీరు కనపడరు. ద్వీపం మీద దిగాలనుకుంటే అనుమతి ఉన్న చోటే దిగండి. మర పడవల దారిని అడ్డంగా దాటాల్సి వస్తే అందరూ ఒకచోట చేరి, రెండు పక్కలా చూసి, నిలువుగా ఒక్కసారి దాటండి. మర పడవ లేపిన అల వస్తుంటే పడవ ముక్కు దాని వైపు తిప్పి తెడ్డు వేస్తూనే ఉండండి. అల పక్క నుంచి తగిలితేనే బోల్తా.

ముందు ఒకరు, చివర ఒకరు అనుభవజ్ఞులు ఉండాలి, మిగతావాళ్లు మధ్యలో. పిలిస్తే వినపడే దూరం దాటకూడదు. గుర్రపు డెక్క దట్టంగా తేలుతున్న చోటికి దూరకండి, తెడ్డు ఆడదు. నీటి మీద ప్లాస్టిక్ డబ్బాలో బెండ్లో వరుసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టు. మత్స్యకారుల పొద్దుటి పని పాడవకుండా పక్క నుంచి పోండి. వాళ్లను పలకరిస్తే ఆ పూట నీటి తీరు గురించి ఏ యంత్రమూ చెప్పలేని సంగతులు చెప్తారు. ఎగువన థర్మల్ విద్యుత్ కేంద్రం నీరు తీసుకునే కాలువ ముఖద్వారం వైపు వెళ్లకండి. బ్యారేజీ దగ్గరి రెగ్యులేటర్లకు చెప్పిన జాగ్రత్తే దానికీ వర్తిస్తుంది.

ఉరుము వినపడితే వెంటనే ఒడ్డు. ఎవరి ఇల్లు దగ్గర, ఎవరి రేవు దగ్గర అని చూడకుండా ఏ ఒడ్డు దగ్గరైతే అదే.

ఏడో అడుగు: తిండి, నీళ్లు, తిరిగి రావడం

జనవరిలో కూడా నీటి మీద ఎండ ఎక్కువగా తగులుతుంది. మనిషికి గంటకు అర లీటరు నీళ్లు లెక్కేసుకోండి. దాంతోపాటు ఉప్పు వేసిన మజ్జిగ. పడవలో అరటిపళ్లు, పల్లీ ఉండలు, చక్కిలాలు చాలు. పులిహోర, ఊరగాయ, దద్దోజనం ఒడ్డున వనభోజనానికి ఉంచండి. కడుపు నిండా తిని తెడ్డు వేయలేరు. నది నీటిని తాగకండి. కాళ్లకు గాయాలుంటే కట్టు కట్టుకుని దిగండి, ఎక్కాక సబ్బుతో కడుక్కోండి.

పిల్లలు మాట్లాడడం మానేస్తే, తలనొప్పి అంటే, చలికాలమైనా చెమట ఆగిపోయి ఒళ్లు వేడెక్కితే ప్రయాణం అక్కడితో ఆపాలి. నీడకు చేర్చి, తడి గుడ్డతో తుడిచి, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. తేరుకోకపోతే 108కి ఫోను చేయండి; చెమట ఆగి ఒళ్లు వేడెక్కితే మాత్రం ఆగకుండా వెంటనే చేయండి.

ఒడ్డెక్కగానే తలలు లెక్కపెట్టి, కాగితం పట్టుకుని కూర్చున్న మనిషికి అందరూ వచ్చారని చెప్పండి. తెచ్చిన చెత్తతో పాటు ఘాట్ మెట్ల దగ్గర కనిపించిన ప్లాస్టిక్ కవర్లు కూడా కొన్ని ఏరండి. పడవ అడుగున, తెడ్డు రెక్కల మధ్య చిక్కిన గుర్రపు డెక్క ముక్కలను ఒక్కటీ మిగలకుండా తీసేయాలి. ఒక్క మొక్క చాలు, మరో చెరువంతా కమ్మడానికి. జాకెట్లను మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. ఎండలో ఆరేస్తే పైగుడ్డ, లోపలి స్పాంజి త్వరగా పాడవుతాయి. పట్టీలు, బకిల్స్ అప్పుడే చూసి, తెగినవి పక్కన పెట్టేయండి.